మెదడు శాస్త్రవేత్తకు మార్కులు ఎవరు వేస్తారు?



మా బడిలో చదువుకుని, బెంగళూరులో మెదడు మీద పరిశోధన పూర్తి చేసిన ఒక అమ్మాయి ఉగాది పండక్కి మా ఇంటికి వచ్చింది. హోసూరు దగ్గర పల్లె వాళ్లది. తండ్రికి గులాబీ తోట ఉంది. నాలుగేళ్లు కష్టపడి రాసిన వ్యాసం అచ్చయి రెండేళ్లయిందట. "ఇంతవరకు దాన్ని నలుగురే ఉల్లేఖించారు సార్. ఉద్యోగానికి వెళితే ముందు అడిగేది ఆ లెక్కే" అంది. పక్కనే కూర్చున్న తండ్రి, "అయితే మా పూలలాగే వీళ్ల చదువునీ తూకం వేస్తారా సార్?" అన్నాడు. ఆయన అడిగిన ప్రశ్నే ఈనాటి నా ప్రసంగ విషయం.

ఉల్లేఖన అంటే పెద్ద సంగతేమీ కాదు. ఒక శాస్త్రవేత్త వ్యాసం రాస్తూ, ఫలానా విషయాన్ని ఫలానావారు ముందే చూపారని పేరు చెప్పడమే ఉల్లేఖన. చేసిన సాయాన్ని ఒప్పుకునే మర్యాద అది. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఇలాంటి ఉల్లేఖనలన్నిటినీ కూర్చి ఒక సూచిక ప్రచురించారు. ఏ పరిశోధన వెనుక ఏ పరిశోధన ఉందో వెతుక్కోవడానికి అది ఎంతో ఉపయోగపడింది.

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇంకో కొలత చెప్పారు. దాని పేరు హెచ్ సూచిక. ఒకరు రాసిన వ్యాసాల్లో 10 వ్యాసాలు ఒక్కొక్కటి కనీసం 10 సార్లు ఉల్లేఖనకు వస్తే ఆయన సూచిక 10. సులువైన లెక్క. అయితే ఇందులో ఒక చిక్కుంది. జన్మంతా శ్రమించి 5 గొప్ప వ్యాసాలే రాసినవారి సూచిక, లోకమంతా వాటిని మెచ్చుకున్నా, 5 దాటదు.

అంకె ఎక్కువైతే ఆలోచన గొప్పదనుకోవచ్చా? ఆలివర్ లోరీ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త మెదడులోని పదార్థాలను అతి సూక్ష్మంగా కొలవడంలో దిట్ట. ప్రోటీన్‌ను కొలిచే ఒక పద్ధతిని వివరిస్తూ ఆయన, ఆయన సహచరులు 1951లో ఒక వ్యాసం రాశారు. దానికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనలు వచ్చాయి. శాస్త్ర చరిత్రలో అంతగా ఉల్లేఖనకు నోచుకున్న వ్యాసం మరొకటి లేదంటారు. తమాషా ఏమిటంటే, అది గొప్ప వ్యాసమేమీ కాదని లోరీయే ఒప్పుకున్నారు. అందరికీ పనికొచ్చే పద్ధతి కనుక అందరూ దాని పేరు చెప్పారు, అంతే.

రెండో కథ లండన్‌ది. జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోకి సన్నటి తీగ పంపి, ఒక్కొక్క కణం ఎప్పుడు పలుకుతుందో విన్నారు. ఎలుక ఒక చోటికి వస్తే ఒక కణం పలుకుతుంది, మరో చోటికి వెళితే మరొకటి. మనం ఎక్కడున్నామో చెప్పే పటం తలలోనే ఉందన్నమాట. 1971లో ఆయన, జొనాథన్ దొస్త్రోవ్‌స్కీ కలిసి దీన్ని కొద్ది పేజీల వ్యాసంగా ప్రచురించారు. వెంటనే అందరూ నమ్మలేదు. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ దంపతులు పక్క భాగంలో దూరాలను కొలిచే కణాలున్నాయని చూపారు. 2014లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి వ్యాసానికీ ఆ బహుమతికీ మధ్య 43 ఏళ్లు! ఆల్జైమర్స్ జబ్బు వచ్చిన పెద్దలు తెలిసిన వీధిలోనే ఎందుకు దారి తప్పుతారో తెలుసుకోవడానికి ఈనాడు ఆ పనే ఆధారం. 1973లో ఎవరైనా ఉల్లేఖనలు లెక్కపెట్టి ఓకీఫ్‌కు మార్కులు వేసి ఉంటే ఎన్ని వేసేవారు?

ఇదంతా చెబితే ఆ అమ్మాయి నవ్వి, "43 ఏళ్లు ఎవరు ఆగుతారు సార్? నాకు ఉద్యోగం ఈ ఏడే కావాలి" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లోకంలో కొందరు శాస్త్రవేత్తలకూ ఇదే బాధ కలిగింది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడి, ఏ పత్రికలో అచ్చయిందన్న దాన్నిబట్టి కాక, పనిని చదివి విలువ కట్టండని ఒక ప్రకటన రాశారు. 2013లో అది వెలువడింది. వేల సంస్థలు సంతకాలు చేశాయి. సంతకం చేయడం సులువే. ఓపికగా కూర్చుని చదవడమే కష్టం.

అంకెలు అక్కర్లేదని నేననను. వందల దరఖాస్తులు వచ్చినప్పుడు ఏదో ఒక లెక్క ఉండాలి. కానీ లెక్క చూశాక వ్యాసమూ చదవాలి. ఇరవై ఏళ్లుగా మార్కులు వేస్తున్నవాణ్ణి, నా తప్పు కూడా నాకు తెలుసు. జవాబు పత్రం పూర్తిగా చదవకుండా, పేజీలు చూసి మార్కు వేసిన రాత్రులున్నాయి. ఆ అమ్మాయి వెళుతూ తన వ్యాసం ప్రతి ఒకటి నాకిచ్చింది. సగం అర్థం కాలేదు. అయినా చివరిదాకా చదివి, ఆమెకు ఉత్తరం రాశాను.