త్రాగుడు మానినవాని బ్రతుకు
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మద్యపానమునుగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. త్రాగుట తప్పని చెప్పుటకు నే నింతదూరము రానక్కరలేదు. అది త్రాగువారికే మనకంటె బాగుగా తెలియును. మానినవాడు మరునాటినుండి ఎట్లు బ్రతుకవలెనో మాత్ర మెవ్వరును చెప్పరు. దానినే మనవి చేసెదను.

శాసనములు మనకు క్రొత్తవి కావు. 1992లో పొరుగున నున్న నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. 1993 అక్టోబరునుండి సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. ఆ తల్లుల ధైర్యమునకు నమస్కారము. కాని దుకాణమునకు వేసిన తాళము దేహమునందలి అలవాటునకు పడదు.

మా మేనల్లు డొకడు మార్కాపురమున పలకలపనిలో నుండెడివాడు. ప్రొద్దుట లేవగనే త్రాగవలసినదే. నేనే వానిని చెన్నకేశవస్వామి సన్నిధిని నిలిపి ఒట్టు పెట్టించితిని. నాడే మానెను. రెండవనాడు చేతులు వణకెను. మూడవనాటి రాత్రి గోడలపై పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసి, మూర్ఛపడి కొట్టుకొనెను. ఇంటివారు గాలి సోకినదనిరి. నేను మొండితన మనుకొంటిని. బహుకాలము అధికముగా త్రాగినవాడు వైద్యసహాయము లేక హఠాత్తుగా మానినచో నిట్లగుననియు, ప్రాణమే పోవచ్చుననియు ఆసుపత్రిలో వైద్యుడు చెప్పెను. మందులతోపాటు బి1 విటమినుకూడ నిచ్చిరి.

చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమునకు ప్రత్యేకముగా నొక అధ్యాయము కలదు. అలవాటైన అహితమును క్రమక్రమముగా విడువవలెనని సూత్రస్థానము చెప్పుచున్నది. ఆ క్రమమును నేడు వైద్యుడే నిర్ణయింపవలెను, అది వేరు మాట. ఇంత సంస్కృతము చదివిన నాకు సురాపానము మహాపాతకమన్న స్మృతివాక్యమే గుర్తున్నది గాని, ఇది గుర్తురాలేదు.

ఇంటికి వచ్చినపిదప అసలు కష్టము మొదలయ్యెను. నిద్ర పట్టదు, అన్నము సహింపదు, దీపాలవేళ యగునప్పటికి కాలు నిలువదు. మూడునెలలు గడచినపిదప ఒక పెండ్లిలో మరల త్రాగెను. గ్లాసు చేతికిచ్చినవాడు మనవాడే. సిగ్గుచే వైద్యునికడకు పోనని భీష్మించెను. ఎట్టకేలకు తీసికొనిపోగా, ఆ వైద్యుడు తిట్టలేదు. ఏవేళ, ఎవరితో, ఏమి తిని త్రాగితివని మాత్ర మడిగెను. ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట – ఈ నాలుగింటిని కనిపెట్టియుండు మనెను. మనోవ్యాకులత వేరుగ నున్నదని దానికిని మందిచ్చెను. ఇప్పుడు సాయంకాలము వేళకు భోంచేసి, గేదెకు మేతవేసి, పిల్లల ప్రక్కన కూర్చుండును. చూచుటకిది చాల చిన్నపని!

మనస్సు క్రుంగినవారు 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఏవేళనైనను ఖర్చులేక తెలుగులో మాటలాడవచ్చును. వ్యసనవిముక్తికై 14446 కలదు. ఈ అంకెలను ఇంటిగోడపై వ్రాసికొనుడు.

మన సంఘమునకు నా విన్నపము. సంబంధములు వెదకునపుడు "వాడు మందు మాన్పించుకొన్నవాడట" యని పెదవి విరుచుచున్నాము. దాచి త్రాగువానికి మాత్రము పిల్లనిచ్చుచున్నాము. ఇది యేమి న్యాయము? ఇక మన శుభకార్యములలో వద్దన్నవానిని మరల బలవంతపెట్టరాదు. గిద్దలూరునుండి ఒంగోలు పోయివచ్చుటకు పేదవానికి ఒకనాటి కూలి పోవును. రోగికిని, తోడు వెళ్లువానికిని బస్సుఖర్చు లీ సంవత్సరపు చందాలనుండి ఇచ్చుటకు కార్యదర్శిగారు మధ్యాహ్నసభలో తీర్మానము ప్రవేశపెట్టవలెనని కోరుచున్నాను. పేర్లు మాత్రము లెక్కపుస్తకమున వ్రాయవలదు. నా మేనల్లు డనుమతించుటచేతనే ఈ కథ చెప్పితిని. తోడు వెళ్లుటకు తాను సిద్ధమనియు చెప్పుమన్నాడు.