విగ్రహం కళ్లు తెరిచిందా? ఆ 28 సెకన్ల వీడియోను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను

ఈ ఎపిసోడ్ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మొదలైంది.

పోయిన నెల ఒక రోజు పొద్దున్నే సిరిసిల్ల నుంచి మా చిన్నమ్మ ఒక వీడియో పెట్టింది. 28 సెకన్లు. ఏదో గుడిలో సాయిబాబా పాలరాతి విగ్రహం, పక్కన దీపం, వెనక నుంచి "తెరిచిండు, తెరిచిండు, సూడుండ్రి" అని ఆడవాళ్ల అరుపులు. పదకొండో సెకను దగ్గర బాబా కళ్లు తెరిచినట్టే ఉంది. నాకూ కనిపించింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే ఇలాంటి వీడియోల మీద మాట్లాడేవాళ్లలో చాలామంది "తెలివిలేనోళ్లకే ఇవి కనిపిస్తాయి" అన్నట్టు మొదలుపెడతారు. బీటెక్ చదివి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నాకు కూడా కనిపించింది బాస్. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎవరు పిచ్చోళ్లు" అని కాదు, "అందరికీ ఎందుకు కనిపిస్తోంది" అని.

లాప్‌టాప్‌లో వేసి ఒక్కో ఫ్రేమ్ ఆపి చూశా. ఇక్కడ కొంచెం టెక్నికల్ విషయం ఉంది, ఓపిక పట్టండి.

వీడియో అంటే సెకనుకు 30 పూర్తి ఫొటోలు అనుకుంటాం. అన్నీ పూర్తిగా దాచుకుంటే ఫోన్ మెమరీ పొద్దుటికల్లా నిండిపోతుంది. అందుకే అప్పుడప్పుడు మాత్రమే ఒక పూర్తి బొమ్మ దాచుకుంటుంది. దాన్ని కీఫ్రేమ్ అంటారు. మధ్యలో వచ్చే వాటికి "ముందు బొమ్మకీ దీనికీ తేడా ఏంటి" అన్నది మాత్రమే రాసుకుంటుంది. వెలుతురు తక్కువ ఉన్నచోట చిన్న చిన్న తేడాల్ని వదిలేస్తుంది కూడా. అప్పుడు ఏమవుతుందంటే, తెల్లటి రాయి మీద పెయింట్ చేసిన సన్నటి కనురెప్ప గీత, నల్లగుడ్డు, అన్నీ కలిసి మసక మచ్చ అయిపోతాయి. కళ్లు మూసినట్టు ఉంటుంది. తర్వాతి కీఫ్రేమ్ రాగానే బొమ్మ ఒక్కసారిగా క్లియర్ అవుతుంది. నల్లగుడ్డు టక్కుమని బయటపడుతుంది. మనకేమో కళ్లు తెరిచినట్టు!

చిన్నమ్మ పంపిన వీడియోలో పదకొండో సెకను దగ్గర కళ్లు ఒక్కటే మారలేదు. గోడ మీద టైల్స్ గీతలు, దండలో పూలు, దీపం కుంది అంచు, అన్నీ అదే ఫ్రేమ్‌లో క్లియర్ అయ్యాయి. టైల్స్‌ని ఎవరు చూస్తారు? మన కళ్లు బాబా కళ్ల మీదే ఉంటాయి.

నమ్మకం కుదరక ఇంట్లో ట్రై చేశా. అమ్మ పూజగదిలోని పింగాణీ లక్ష్మీదేవిని తీసుకొచ్చి, లైట్లు ఆర్పి, నూనె దీపం పెట్టి షూట్ చేశా. దాన్ని స్టేటస్‌గా పెట్టి, స్క్రీన్ రికార్డ్ చేసి, మళ్లీ స్టేటస్‌గా పెట్టి, మళ్లీ రికార్డ్ చేశా. మూడో రౌండ్‌కి లక్ష్మీదేవి రెప్ప కొట్టింది. అమ్మకు చూపిస్తే "మా లక్ష్మిని పరేషాన్ జెయ్యకు, తీస్కపోయి గూట్లె పెట్టు" అంది.

సరే, వీడియో సంగతి తేలింది. కానీ ఆ గుడిలో నిలబడి అరిచినవాళ్లు ఫోన్‌లో చూడలేదు కదా? సొంత కళ్లతో చూశారు. ఇది అసలైన ప్రశ్న.

మొదటిది దీపం. మంట కింద నుంచో పక్క నుంచో వస్తోంది, ఊగుతోంది. చెక్కిన కనురెప్ప నీడ మంటతో పాటే పైకీ కిందికీ కదులుతుంది. రెండోది మన చూపు. ఇటలీలో కపుటో అనే సైకాలజిస్టు 2010లో ఒక ప్రయోగం ప్రచురించాడు. 50 మందిని విడివిడిగా మసక వెలుతురులో అద్దం ముందు కూర్చోబెట్టి, పది నిమిషాలు తమ మొహాన్నే చూసుకోమన్నాడు. 66 శాతం మంది తమ మొహం బాగా వికారంగా మారిపోయిందన్నారు. 48 శాతం మందికి వింత జీవులు, రాక్షసుల్లాంటివి కనిపించాయి. ఎలాంటి మందూ లేదు, మంత్రమూ లేదు. కదలకుండా ఒక్కచోటే చూస్తూ ఉంటే మెదడుకి కొత్త సమాచారం తగ్గిపోతుంది, ఖాళీల్ని అదే నింపుకుంటుంది. రాత్రి పూట గర్భగుడి ముందు చేతులు జోడించి రెప్పవాల్చకుండా నిలబడితే జరిగేది దాదాపు ఇదే.

మూడోది పక్కనున్న మనిషి. 1935లో ముజఫర్ షెరీఫ్ అనే ఆయన చీకటి గదిలో కదలని ఒక చిన్న లైటు చుక్కను చూపించి, ఎంత కదిలిందో చెప్పమన్నాడు. పూర్తి చీకట్లో కదలని చుక్క కూడా కదిలినట్టే కనిపిస్తుంది. ఒక్కొక్కర్ని విడిగా అడిగితే తలా ఒక లెక్క చెప్పారు. గుంపుగా అడిగితే మెల్లగా అందరూ ఒకే లెక్కకు వచ్చారు. తర్వాత మళ్లీ విడిగా అడిగినా గుంపు లెక్కనే పట్టుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. గుడిలో ఒకామె "తెరిచిండు" అని అరిచాక వచ్చిన ప్రతి మనిషీ కళ్లు తెరవడం కోసమే చూస్తారు.

ఇప్పుడు కోరుట్ల వైపు వెళ్దాం. అక్కడికి దగ్గర ఒక ఊళ్లో మా బాపు దోస్తు పొలం గట్టు మీద వేపచెట్టుకు పాలు కారుతున్నాయని ఫోన్ వస్తే, నేనూ కెమెరా పట్టుకుని పోయా. ఇది మన దగ్గర కొత్తేం కాదు, వేప పాల వార్తలు తెలంగాణలో వస్తూనే ఉంటాయి. మాను లోపలికి బ్యాక్టీరియా చేరితే అక్కడి రసం పులుస్తుంది, గ్యాస్ పడుతుంది, ఆ ఒత్తిడికి బెరడు పగిలిన చోట నుంచి నురగలాగా బయటికి వస్తుంది. కల్లు కుండ మీద నురగ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొన్నాళ్లకు దానంతటదే ఆగిపోతుంది.

నేను వెళ్లేసరికి పాల మాట పోయి, మాను మీద పోచమ్మ మొహం వచ్చిందన్న మాట నడుస్తోంది. నిజంగానే మొహం ఉంది. కాకపోతే మొదటి రోజు తీసిన ఫొటో ఒకటి బాపు దోస్తు ఫోన్‌లో ఉంది. అందులో ఒక బుడిపె, దాని కింద తడి చార, అంతే. తర్వాత ఎవరో బుడిపెకు పసుపు రాశారు. ఇంకెవరో కుంకుమ బొట్టు పెట్టారు. మూడో మనిషి కళ్లుండే చోట రెండు చుక్కలు పెట్టాడు. నాలుగో రోజు వచ్చినవాళ్లకు పోచమ్మ అచ్చంగా కనిపించక ఏం చేస్తుంది?

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మా బ్యాచ్ ప్రాజెక్టు, మొహం చూసి అటెండెన్స్ వేసే సిస్టమ్. 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు రాసిన పద్ధతి వాడాం. అది మొహాన్ని "అర్థం" చేసుకోదు. కళ్ల దగ్గర చీకటి, బుగ్గల దగ్గర వెలుతురు, మధ్యలో ముక్కు గీత వెలుగు, ఇలాంటి నమూనాలు వెతుకుతుంది. డెమో రోజు మా సిస్టమ్ గోడకు వేలాడుతున్న ఒక బ్యాగును మనిషి అని పట్టుకుంది. క్లాసంతా నవ్వులే నవ్వులు. సెట్టింగ్ బిగిస్తే బ్యాగు పోతుంది, కానీ వెనక బెంచీ వాడి మొహం కూడా పోతుంది. మన మెదడు సెట్టింగ్ బాగా లూజుగా ఉంటుంది. పొదలో పులి మొహాన్ని మిస్సయిన మనిషికి పిల్లలు మిగల్లేదు. లేని పులిని చూసి ఉరికినవాడికి మిగిలారు. మనం ఆ ఉరికినవాళ్ల పిల్లలం.

ఆ చెట్టు దగ్గర నాకు చిరాకు తెప్పించింది మాత్రం పోచమ్మ కాదు, పక్కన వెలిసిన హుండీ. ఆ నురగని సీసాల్లో పట్టి పిల్లలకు తాపడం ఇంకా దారుణం. అది బ్యాక్టీరియాతో పులిసిన రసం, దయచేసి ఎవరూ తాగకండి, తాపకండి.

పాల మాట వచ్చింది కాబట్టి 1995 చెప్పాలి. ఆ సంవత్సరం సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు లైన్లు కట్టింది. వాట్సాప్ కాదు కదా, ఇంటింటికి ఫోన్ కూడా లేని రోజులు. అయినా ఢిల్లీలో తెల్లవారుజామున మొదలైన మాట అదే రోజు లండన్ గుళ్ల దాకా పోయింది. ప్రభుత్వ సైన్సు ప్రచార మండలి నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పాలల్లో రంగు కలిపి పెట్టారు. చెంచా అంచు తొండానికి తగలగానే తలతన్యత వల్ల పాలు రాతి మీదికి లాగబడి, పల్చటి పొరలాగా కిందికి జారిపోతున్నాయని ఆ రంగు చూపించింది. తెల్లరాయి మీద తెల్లపాల పొర మామూలుగా కంటికి ఆనదు.

అమ్మ ఆ రోజు జగిత్యాలలో లైన్లో నిలబడింది. నేనింకా పుట్టలేదు. ఈ ఎపిసోడ్ కోసం పాలల్లో పసుపు కలిపి, చిన్న వినాయకుడి ముందు పెట్టి, అమ్మను పిలిచి చూపించా. పసుపు చార కడుపు మీద నుంచి పీట మీదికి దిగింది. అమ్మ ఆశ్చర్యపోతుందని కెమెరా ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నా.

"గిది నాకు గప్పుడే ఎరుక బిడ్డా" అంది. "నా చీర కుచ్చిళ్లు తడిసినయ్ గదా."

మరి ఎవరికీ చెప్పలేదేంటి అని అడిగా.

"ఎవ్వలకు చెప్పాలె? మీ నానమ్మ నా పక్కకే ఉండె. గా యేడే మీ తాత పోయిండు. ఆమె ఇల్లు దాటి బయటికొచ్చుడు గదే మొదలు. చెంచా పట్టుకొని నవ్వింది. నేనేం చెప్త?"

కెమెరా ఆఫ్ చేశా. ఈ ముక్క వీడియోలో లేదు, అమ్మను అడిగి ఇక్కడ చెప్తున్నా. అప్పటిదాకా నా దగ్గరున్న స్క్రిప్టులో చూసినవాళ్లంతా మోసపోయినవాళ్లే. అమ్మ అందులో ఎక్కడా పట్టలేదు.

అయితే అమ్మలాగా అన్నిసార్లూ ఊరుకోవచ్చా? 2008లో కేరళలో కొట్టాయం వైపు, సూర్యుడిలో మేరీమాత కనిపిస్తోందన్న మాట విని జనం సూర్యుణ్ని నేరుగా చూశారు. దాదాపు 50 మందికి రెటీనా కాలిపోయింది. రెటీనా కాలేటప్పుడు నొప్పి కూడా తెలియదు. అక్కడ ఎవరో ఒకరు గట్టిగా నోరు తెరవాల్సిందే కదా.

అంత దూరం ఎందుకు, మా జగిత్యాల చూడండి. 2022 జనవరిలో టీఆర్ నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఆయన ఇద్దరు కొడుకుల్నీ చంపేశారు. పట్టపగలు, జనం మధ్యలో. దేవుణ్ని చూడటమూ, పక్కింట్లో చేతబడి చూడటమూ ఒకటి కాదు, నాకు తెలుసు. కానీ రెండింటిలోనూ నడిచే వాక్యం ఒకటే, "నేను కళ్లారా చూసిన". ఎవరో రాత్రి ఏదో చూశామంటారు, పక్కవాళ్లు మాకూ అలాగే అనిపించిందంటారు, షెరీఫ్ గదిలో లాగా అందరి లెక్కా ఒకటైపోతుంది. ఆ లెక్క చెంచాడు పాల దగ్గర ఆగితే నేను కూడా అమ్మలాగే ఊరుకుంటా. ఒక మనిషి ప్రాణం దాకా వస్తే, ఆ 66 శాతం సంగతి ఆ గుంపులో ఒక్కడికైనా తెలిసి ఉండాలి. నేను ఈ వీడియోలు చేసేది ఆ ఒక్కడి కోసమే.

చిన్నమ్మ సంగతి చెప్పలేదు కదా. గ్రూపులో రిప్లై ఇవ్వలేదు, ఫోన్ చేశా. కీఫ్రేముల కథంతా చెప్పి, టైల్స్ గీతలు చూడమన్నా. లైన్‌లో ఉండగానే చూసింది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అవ్ రా, టైల్సు గూడ తెరిచినయ్" అని పడీ పడీ నవ్వింది. "గని గ్రూపుల పెట్టకు, బాబాయి మాల వేసుకున్నడు, బాధపడ్తడు. నేనే మెల్లగ చెప్త" అంది. వారం తర్వాత ఎక్కడిదో ఇంకో వీడియో వచ్చింది. ఈసారి గ్రూపులో కాదు, నాకొక్కడికే పంపింది. "గిందుల టైల్సు లేవు, ఎట్ల సూడాలె?" అని కింద మెసేజ్.

మీ దగ్గర కూడా ఇలాంటివి ఉంటే పంపండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే క్వాలిటీ పోతుంది, తీసినవాళ్ల ఫోన్ నుంచి ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి. ఏ టైంలో తీశారో, దీపం ఎటు పక్క ఉందో కూడా రాయండి. చిన్నమ్మ పంపిన రెండో వీడియో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అది నాకూ ఇంకా అంతుపట్టలేదు.