కాంతి ఉచ్చులో పరమాణువు – నేల క్రింది నీటికి కొలత
(హుజూర్‌నగర్‌లో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చు తగవులలో చాల భాగము కొలత తగవులే. గట్టు జరిగినదని ఒకరు, తూము నుండి నీరు తక్కువ వచ్చినదని ఒకరు, తూకములో మోసము జరిగినదని మరియొకరు వత్తురు. ఉభయులును ఒప్పుకొను కొలత యున్నచో తగవు తీరును, లేనిచో పెరుగును. వెనుకటి దినములలో ఒక ఊరి మానిక మరియొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చి, 1958 నుండి మెట్రిక్ పద్ధతి అమలు కాసాగిన తరువాతనే దేశమంతటికి ఒకే కిలో, ఒకే మీటరు ఏర్పడినవి.

నేడు మేము చెప్పదలచినది కూడ కొలతను గురించియే. ఇది లేసరు కాంతితో పరమాణువును నిలిపి, దానినే కొలబద్దగా చేసికొను విద్య. దీనికి, మీ ఊరి బోరులోని నీటికి గల సంబంధమును చివరకు చెప్పుదుము.

1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిరి. లాల్ బహదూర్ కాలువ యని పేరొందిన ఎడమ కాలువ వలన ఈ ప్రాంతపు రూపమే మారినది. ఆ సంవత్సరమే అక్టోబరులో పారిస్ నగరమున కూడిన తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ సెకనుకు కొత్త నిర్వచనమును ఇచ్చినది. అంతకుముందు భూమి చలనమునుబట్టి సెకనును లెక్కించెడివారు. నాటి నుండి సీసియం అను లోహపు పరమాణువునకు సంబంధించిన ఒక తరంగము 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగుటకు పట్టు కాలమే ఒక సెకను.

పరమాణువునే కొలబద్దగా ఏల ఎంచుకొనిరి? ఇనుప గుండు అరుగును, తాడు సాగును. పరమాణువు అరగదు, సాగదు. హుజూర్‌నగర్‌లోని సీసియం పరమాణువునకు, పారిస్‌లోని దానికి భేదము లేదు. అది ఎవరి పక్షమును వహింపని సాక్షి.

అయితే ఒక చిక్కు కలదు. పరమాణువు నిలువదు. గది వేడిమిలో రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 270 మీటర్ల వేగమున పరుగెత్తుచుండును. పరుగెత్తు కోడె పండ్లు చూచి వయస్సు చెప్పుమన్నచో ఎవరు చెప్పగలరు? ముందు దానిని పట్టి నిలుపవలెను. కాని పరమాణువునకు పలుపు వేయుట ఎట్లు?

దానికి పలుపు కాంతియే. కాంతి తాకిన ప్రతి వస్తువును మిక్కిలి స్వల్పముగ నెట్టును. ఒక్క కాంతికణపు దెబ్బకు రుబీడియం పరమాణువు వేగము సెకనుకు అర సెంటీమీటరు కంటె కొంచెము ఎక్కువ తగ్గును. అది స్వల్పమే. కాని ఎదురుగా లేసరు కాంతిని పంపినచో సుమారు 45,000 దెబ్బలతో పరమాణువు దాదాపు నిలిచిపోవును. ఇంతకు సెకనులో నూరవ వంతు కూడ పట్టదు.

ఇందు ఒక ఉపాయము కలదు. ఎదురుగా వచ్చు లారీ హారను హెచ్చు స్వరమున వినిపించి, దాటిపోగానే స్వరము తగ్గుట మనమందరము ఎరుగుదుము. కాంతి విషయమునను ఇట్టిదే జరుగును. లేసరు రంగును పరమాణువు పీల్చుకొను రంగు కంటె రవంత తగ్గించి ఉంచినచో, ఎదురు వచ్చు పరమాణువునకే ఆ కాంతి సరిగా తగులును. పైన, క్రింద, నాలుగు ప్రక్కల – ఇట్లు ఆరు దిక్కుల నుండి కాంతిని పంపినచో, పరమాణువు ఏ వైపు పోబోయిన ఆ వైపు నుండియే దానికి అడ్డు తగులును. దీనికి అయస్కాంత బలమును జోడించినచో పరమాణువులన్నియు నడుమ చేరి చిన్న మేఘమువలె నిలుచును. ఇదియే కాంతి ఉచ్చు.

ఈ ఆలోచన 1975లో వెలువడినది. 1985లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు స్టీవెన్ చూ బృందము ఆరు కిరణములతో సోడియం పరమాణువులను చల్లబరచెను. వాటి ఉష్ణోగ్రత పరమ శూన్యమునకు పైన, డిగ్రీలో సుమారు నాలుగువేలవ వంతు మాత్రమే. 1987లో అయస్కాంతముతో కూడిన ఉచ్చు సిద్ధమైనది. 1997లో చూ, క్లోడ్ కోహెన్-తనూజీ, విలియం ఫిలిప్స్ అను మువ్వురకు నోబెల్ బహుమతి లభించినది.

కాంతి వస్తువునకు ఏమి అందించునను ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం గారు, సర్ సి.వి. రామన్ గారితో కలిసి, కాంతికణమునకు భ్రమణ గుణము కలదనుటకు ప్రయోగముల ద్వారా నిదర్శనము చూపిరి. అది 1931వ సంవత్సరపు మాట. వారే తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

ఇక నీటి సంగతికి వత్తము.

భూమి ఆకర్షణ అన్నిచోట్ల ఒకే విధముగ ఉండదు. క్రింద బరువైన రాయి యున్నచో రవంత హెచ్చును. బోలు ఉన్నచో రవంత తగ్గును. 1961లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇట్టి భేదములను కొలిచి దేశమునకు పటములు తయారు చేసినది. స్ప్రింగుకు వ్రేలాడు బరువు ఎంత సాగినదో చూచి కొలుచు యంత్రములు చాలకాలముగ వాడుకలో నున్నవి. కాని స్ప్రింగు కాలక్రమమున అలసిపోవును. దానిని మరల మరల సరిచూడవలసి యుండును.

ఉచ్చులో చల్లబడిన పరమాణువులను శూన్యమున జారవిడిచి, అవి ఎంత త్వరగా పడుచున్నవో చూచినచో ఈ దోషము లేదు. పరమాణువు రేణువుగనే కాక తరంగముగను ప్రవర్తించును. లేసరు మెరుపులతో ఆ తరంగమును రెండు పాయలుగ చీల్చి మరల కలుపుదురు. చెరువులో రెండు రాళ్లు వేసినప్పుడు అలలు కలిసికొని ఒకచోట లేచి, మరియొకచోట అణగినట్లు, ఈ పాయలును కలిసికొనును. ఆ కలయికనుబట్టి భూమి ఆకర్షణ ఎంతయో తెలియును. 1999 నాటికే ఈ పద్ధతితో వంద కోట్లలో మూడు వంతుల వరకు సరిగా కొలువగలిగిరి. 2022లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయము వారు ఇట్టి పరికరముతో, ప్రయోగశాల వెలుపల, నేల క్రింది సొరంగమును త్రవ్వకయే కనుగొనిరి.

నేల క్రింద ఒక మీటరు మందమున నీరు పరచుకొన్నచో ఆకర్షణ పది కోట్లలో సుమారు నాలుగు వంతులు హెచ్చును. కనుక ఈ పరికరమునకు ఆ భేదము అందును. అయితే ఉన్నమాట చెప్పవలెను. నల్లగొండ వైపు గ్రానైటు నేలలలో నీరు నిలుచు చోటు నూటికి ఒకటి మొదలు మూడు పాళ్లే. బావిలో మట్టము ఒక మీటరు దిగినను, నిజముగ తరగిన నీరు ఒకటి మొదలు మూడు సెంటీమీటర్ల మందమే. అంతటి స్వల్ప భేదమును పొలములో నిలబడి కొలుచుట నేటికిని కష్టము. హుజూర్‌నగర్ పరిసరములలో సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైన సున్నపురాయి కలదు. అందు నీరు పగుళ్లవెంట నడచును. కనుక చిక్కు మరియొక విధముగ నుండును. ఈ దిశను ముందుకు పోవుటకే 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము 6,003 కోట్ల రూపాయలకు పైబడిన జాతీయ క్వాంటం కార్యక్రమమును ఆమోదించినది. అందు కొలతల విభాగమునకు బొంబాయి ఐ.ఐ.టి. కేంద్రముగ నున్నది.

ఈ విషయమును మీకు చెప్పుటకు కారణము కలదు. కాలువ చివరి భూములలో నీరందని రైతు బోరును నమ్ముకొనును. ఒకటి ఎండినచో రెండవది, అదియు ఎండినచో మూడవది వేయును. ప్రతి బోరునకు అప్పు పెరుగును. వెనుక కొబ్బరికాయను అరచేత నిలిపి నీరు చెప్పెడివారు. రేపు ఎవరైనను పెట్టె ఒకటి తెచ్చి, క్వాంటం యంత్రమని పేరు చెప్పి రుసుము అడుగవచ్చును. మేము పైన వర్ణించిన పరికరము అరచేత ఇముడునది కాదు. దానికి లేసరులు, గాలి తీసిన పాత్ర, శిక్షణ పొందిన మనుష్యులు కావలెను. పైగా అది ఆకర్షణను మాత్రమే కొలుచును. "ఇచ్చట రెండంగుళముల నీరు పడును" అని చెప్పదు. అట్లు చెప్పువానిని, ఏ కొలత తీసితివి, ఎవరు సరిచూచిరి అని పంచాయతీ పక్షమున అడుగుడు.

నేడు మీ చేతిలో నున్న కొలత కూడ గొప్పదే. వాడుకలో లేని బోరులో బరువు కట్టిన టేపు వదలి, ప్రతి నెల ఒకే తేదీన, చుట్టుప్రక్కల మోటార్లు ఆపిన వేళ, నీటి లోతును పంచాయతీ పుస్తకములో వ్రాయించుడు. కొలిచిన వెంటనే మూత బిగించుట మరువరాదు. తెరచియున్న బోరు పిల్లల ప్రాణములకు ముప్పు. భూగర్భజల శాఖవారి పరిశీలన బోరు మీ ఊర నున్నచో దానిని కాపాడి, మీ లెక్కను వారి లెక్కతో పోల్చి చూడుడు. కొత్త బోరునకు అనుమతి అడిగిన రైతు ముందు ఆ పుస్తకము తెరచి, మూడేండ్లలో నీరు ఎంత దిగినదో చూపుడు. అప్పు చేయుటకు ముందే అతనికి నిజము తెలియును.