చిన్న కారునకు చౌక టైర్లు

మన పల్లెలలో బండి కట్టు రైతు ఊరు దాటకముందు రెండు పనులు చేయువాడు. ఇరుసునకు కందెన పెట్టువాడు. చక్రముల ఇనుపపట్టాలు సడలినవేమోయని తట్టి చూచువాడు. ఆ రెండింటికిని కలిసి పావుగంట పట్టెడిది కాదు. నేడు మనలో పెక్కుమంది ఎడ్లబండి దిగి చిన్న కారు ఎక్కినాము. కాని ఆ రైతు అలవాటును మాత్రము బండితోపాటు పల్లెలోనే విడిచివచ్చితిమి. అందువలన నాకు కలిగిన అనుభవమొకటి ముందుగా మనవి చేసెదను.

2019వ సంవత్సరమున నేను హైదరాబాదులో ఒక పాత చిన్న కారు కొంటిని. ముందు టైర్లు రెండును అరిగియుండెను. క్రొత్తవి కొనుటకు మనసొప్పక, త్రోవప్రక్క దుకాణమున వాడిన టైర్లు రెండింటిని సగముకన్న తక్కువ ధరకు తెచ్చి వేయించితిని. అవి నల్లగా నిగనిగలాడుచు, లోతైన గాళ్లతో క్రొత్తవానివలెనే కన్పట్టినవి. నేర్పుగా బేరము చేసితినని సంతోషించితిని. జూను నెలలో తొలకరి వాన కురిసిన సాయంకాలము పంజగుట్ట వంతెన దిగుచు బ్రేకు త్రొక్కితిని. చక్రములు నిలిచినవి గాని కారు నిలువలేదు. తడిసిన రోడ్డుపై జారిపోయెను. ముందు ఒక స్కూటరు. దానిపై వెనుక ఒక తల్లి, ఆమె ఒడిలో బిడ్డ. వారికి జానెడు దూరమున కారు ఆగినది. అది దైవకృపయే గాని నా నేర్పు కాదు.

మరునాడు వేరొక మెకానికునకు ఆ టైర్లు చూపితిని. అతడు గాడిలో వ్రేలు పెట్టి చూచి, "అయ్యా, ఇది టైరు కాదు, టైరు వేషము. అరిగిపోయినదానిని వేడికత్తితో మరల గాళ్లు కోసి, నల్లరంగు పూసినారు. అడుగున దారములు కనబడుచున్నవి చూడుడు," అనెను. తరువాత ప్రక్కభాగమున నున్న నాలుగంకెలు చదివి, అవి తయారై అప్పటికి తొమ్మిదేండ్లయినదని చెప్పెను. ఆనాటినుండి చౌక యను మాటకు అర్థమేమియో నేను క్రొత్తగా నేర్చుకొంటిని.

చౌక యనగా తక్కువ ధర కాదు. నడచిన ప్రతి కిలోమీటరునకు పడు ఖర్చు తక్కువగుట. లెక్క కొరకు ఊహించి చూతము. 900 రూపాయల వాడిన టైరు 6,000 కిలోమీటర్లు నడచినచో కిలోమీటరునకు 15 పైసలు. 2,500 రూపాయల క్రొత్త టైరు 25,000 నడచినచో 10 పైసలు. 3,200 రూపాయల టైరు 40,000 నడచినచో 8 పైసలే. కావున అంగట మిక్కిలి చౌకయైనది త్రోవలో మిక్కిలి ప్రియమైనది కావచ్చును. కారు మొత్తము బరువును నేలపై మోయునవి నాలుగు అరచేతులంత రబ్బరు ముక్కలే. ప్రాణము నిలిచియున్న చోటు అది.

అట్లని ఖరీదైన టైర్లే కొనుడని నేను చెప్పుటలేదు. పట్టణములో నలుబది, యేబది కిలోమీటర్ల వేగమున తిరుగు కారునకు, దేశములో తయారగు సాధారణ టైర్లలో తక్కువ ధరవి చాలును. కొనునప్పుడు వానిపై వ్రాసిన అక్షరములు చదువవలెను. ఒక చిన్న కారు టైరుపై 145/80 ఆర్ 12, 74 టి అని యున్నదనుకొనుడు. 145 వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనగా ప్రక్కభాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి 80 పాళ్లు. ఆర్ అనగా రేడియల్ కట్టు. 12 రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. 74 అను సంఖ్యకు ఆ టైరు 375 కిలోగ్రాముల బరువు మోయగలదని అర్థము. టి అనగా గంటకు 190 కిలోమీటర్ల వేగమువరకు తట్టుకొనును. కారు తయారుచేసినవారు చెప్పిన కొలతనే కొనుడు; బరువు సంఖ్య అంతకు తగ్గరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూడుడు.

నాలుగంకెల గుర్తును తప్పక చదువుడు. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. రబ్బరు నడువకున్నను ముసలిదగును. గాలిలోని ప్రాణవాయువు, ఎండ, ఓజోను దానిని గట్టిపరచి పగుళ్లు తెచ్చును. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయింపవలెను. పదియేండ్లు నిండినదానిని, గాళ్లు ఎంత లోతుగానున్నను, తీసివేయవలెను. డిక్కీలోని అదనపు టైరునకును ఇదియే నియమము.

డబ్బు చాలక రెండే క్రొత్తవి కొన్నచో వానిని వెనుక చక్రములకు వేయించుడు. ఇది వింతగా తోచవచ్చును. వానలో ముందు చక్రములు జారినచో నడపువాడు దానిని స్టీరింగునందే గుర్తించి వేగము తగ్గించుకొనగలడు. వెనుకవి జారినచో బండి గిరుక్కున తిరిగిపోవును.

ఇక పోషణ. టైరునకు ఆహారము గాలి. కొలత ఎంతో డ్రైవరు తలుపు తీసిన చోట అంటించిన చీటీపై నుండును. గాలి తక్కువైనచో టైరు అంచులు అరుగును, ప్రక్కలు మడతపడి వేడెక్కును, పెట్రోలు ఎక్కువ కాలును. గాలి ఎక్కువైనచో నడుమ అరుగును, పట్టు తగ్గును. పంచరు లేకున్నను నెలకు ఒకటి రెండు పౌనుల గాలి తనంతట పోవును. అందుచేత పదునైదు దినములకొకసారి, ఉదయము బండి తీయకముందు, టైరు చల్లగా నున్నప్పుడు కొలువవలెను. ఎండలో నడచిన టైరులో కొలత పెరిగియుండుట సహజము. దానిని చూచి గాలి తీసివేయుట మన వేసవిలో పెక్కుమంది చేయు పొరపాటు. చల్లారిన పిమ్మట ఆ టైరు అరకడుపుతో మిగులును. నత్రజని నింపింపుమని కొందరందురు. మామూలు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. ఆ సొమ్ముతో గాలి కొలుచు చిన్న సాధనము కొనుక్కొనుట మేలు.

చిన్న కార్లలో పెక్కింటికి ముందు చక్రములే లాగును, ముందు చక్రములే తిరుగును, బ్రేకు బరువును అవియే ఎక్కువగా మోయును. అవియే ముందు అరుగును. ఎనిమిది, పదివేల కిలోమీటర్లకొకసారి ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్చినచో నాలుగును సమముగా అరుగును. స్టీరింగు ఒకవైపు లాగినను, టైరు ఒక అంచుననే అరిగినను వెంటనే అలైన్‌మెంటు సరిచేయింపుడు. తట్టలో పడిన మేకు గుచ్చినది నడుమభాగమున నైనచో పంచరు వేయింపవచ్చును. ప్రక్కభాగమున గాయమైనచో ఆ టైరునకు వైద్యము లేదు.

గాళ్ల అడుగున అడ్డముగా చిన్న మిట్టలుండును. అంచున టి.డబ్ల్యు.ఐ. అను అక్షరములో, చిన్న త్రికోణమో వాని చోటు చూపును. రబ్బరు ఆ మిట్టలతో సమమైనచో 1.6 మిల్లీమీటర్ల లోతే మిగిలినదని అర్థము; చట్టము ఒప్పు హద్దు అదియే. కాని గాళ్లు నీటిని తోడివేయుటకు ఉన్నవని మరువరాదు. మూడు మిల్లీమీటర్లకు దిగినప్పుడే, తొలకరి రాకముందే, మార్చువాడు బుద్ధిమంతుడు. వాన వచ్చిన పిదప ఆలోచించుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే.

ఆ సాయంకాలము స్కూటరుపై నున్న తల్లి వెనుకకు తిరిగి నావంక చూచినది. ఒక్క మాటయు అనలేదు. గాలి పట్టించుకొను ప్రతి ఉదయమును ఆ చూపు నాకు గుర్తునకు వచ్చును. మన పొదుపు మన సంచికే గాని, మన పొరపాటునకు మూల్యము త్రోవన పోవువారెవరో చెల్లింపవలసివచ్చును. కావున ఈ ఆదివారమైనను కారు చెంత పావుగంట కూర్చుండి, నాలుగు చక్రములను, డిక్కీలోని అయిదవదానిని తడవి చూడుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.