రేడియో మాట తేటపడడానికి తీగల చట్రం



అనంతపురం మెట్టలో సేద్యమంటే పదును కోసం కాచుకుని కూర్చోవడమే గదా! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల వాన. అదైనా ఒక తీరున పడదు. జూన్, జులై నెలల్లో ఒక మంచి వాన పడితే, యెర్రనేలలో ఆ తడి నిలిచేది కొద్ది రోజులే. ఆ లోపల గొర్రు కట్టి చెనిక్కాయ విత్తనం నేలలో వెయ్యాలి. వేసిన తరువాత వాన మొగం చాటేస్తే విత్తనానికి పెట్టిన డబ్బు మట్టిపాలు. అటువంటి రోజున సాయంత్రం రేడియో దగ్గర కూర్చున్నారనుకోండి. "రాగల రెండు దినములలో..." అనే మాట వచ్చేసరికి గర్రుమని ఒక చప్పుడు లేచి తక్కిన మాటను మింగేసింది. వాన వస్తుందన్నారా, రాదన్నారా? ఆ ఒక్క మాట కోసమే గదా మీరు కూర్చున్నది!

ఆ మాటను చప్పుడులోనుంచి బయటికి తెచ్చే చిన్న సాధనం ఒకటి ఉన్నది. ఇంట్లోనే చేసుకోవచ్చు. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

"చేతిలో ఫోను ఉండగా ఈ తీగల గొడవ యెందుకండీ?" అని మీరు అడగవచ్చు. ఫోను పనిచేసినంతవరకు ఫోనే వాడండి, కాదనను. గాలివాన వచ్చి కరెంటు పోయి, టవరు మూగపోయిన రాత్రి రెండు బ్యాటరీల సెట్టు విలువ తెలుస్తుంది. అనంతపురం పట్టణంలో ఆకాశవాణి వారి ఎఫ్.ఎం. కేంద్రం 101.7 మీద ఉన్నది, నిజమే. కాని ఎఫ్.ఎం. తరంగం ఇంచుమించు మన చూపు వంటిది. గుట్ట అడ్డం వస్తే ఆగుతుంది. మధ్యతరంగం అట్లా కాదు. నేలను పట్టుకుని, గుట్ట మీదుగా కూడా పాకుతూ వస్తుంది.

మన సీమకు మధ్యతరంగం అంటే ముందుగా తలపుకు వచ్చేది కడప కేంద్రం. 1963లో మొదలయింది. దాని గుర్తు 900 కిలోహెర్ట్జ్. పాత సెట్ల మీద కిలోసైకిళ్లు అని రాసి ఉంటుంది, రెండూ ఒకటే. మీటర్లలో గీతలున్న సెట్టయితే 333 దగ్గర చూడండి. అనంతపురానికి కడప తిన్నగా కొలిస్తే సుమారు 130 కిలోమీటర్లు. అంత పెద్ద దూరమేమీ కాదు. మరి మాట యెందుకు నీరసిస్తున్నది? నేలను పట్టుకుని వచ్చే తరంగాన్ని నేలే కొంత తినేస్తుంది. తడి ఉన్న నల్లరేగడి తక్కువ తింటుంది; ఎండిన రాతినేల యెక్కువ తింటుంది. మన పైరును కాల్చే కరువే మన రేడియోను కూడా కాలుస్తున్నదన్నమాట!

ఇక మీ ట్రాన్సిస్టరు సెట్టును విప్పి చూడండి. లోపల చిటికెన వేలంత లావున నల్లని కడ్డీ, దాని మీద సన్నని తీగ చుట్టి ఉంటుంది. మధ్యతరంగాన్ని పట్టే చెయ్యి అదే. చెయ్యి చిన్నది కాబట్టి పట్టేదీ కొంచెమే. అందుచేత రెండడుగుల చదరంలో పెద్ద తీగచుట్ట ఒకటి చేసి పక్కన నిలబెడతాము. ఉయ్యాల తూగుకు తగినట్లు తోస్తే చిన్న తోపుతోనే పెద్ద ఊపు వస్తుంది గదా! తీగచుట్టకు ఒక కండెన్సరు తగిలించి, దానిని తిప్పి కడప తూగుకు సరిపెడితే, చుట్టలో కడప తరంగం ఊపందుకుంటుంది. ఆ ఊపు నల్లకడ్డీకి దానంతట అదే అందుతుంది. రెంటికీ నడుమ తీగ కలపనక్కరలేదు. సెట్టును విప్పి కోయవలసిన పని లేదు.

చేసే పద్ధతి చెబుతాను. ఎండిన కర్రలు రెండు, ఒక్కొక్కటి 34 అంగుళాలు. వెదురు బద్దలైనా సరే; ఇనుము మాత్రం పనికిరాదు. రెంటినీ నట్టనడుమ సగం సగం చెక్కి, కత్తెర వేసినట్లు బిగించాలి. నాలుగు కొనలకు నాలుగు అంగుళాల వెడల్పు చెక్కపట్టీలు అడ్డంగా కొట్టి, పట్టీ మీద పావు అంగుళానికొకటి చొప్పున 13 గాట్లు పెట్టాలి. మీ ఊరి వడ్రంగికి ఇది గంట పని. మోటార్లకు వైండింగు చేసే అంగట్లో 22 గేజి ఎనామిలు రాగి తీగ దొరుకుతుంది. లేదా కాలింగు బెల్లుకు వాడే ప్లాస్టిక్ తొడుగు తీగ అయినా సరే. 110 అడుగులు కావాలి. కాలిపోయిన మోటారులోని తీగ ఉచితంగా వస్తుందని దానికి ఆశపడకండి, దాని పూత మాడిపోయి ఉంటుంది. గాటుకొక చుట్టు చొప్పున 13 చుట్లు బిగువుగా చుట్టండి. ఒక చుట్టు మరొక చుట్టును తాకకూడదు.

కండెన్సరుకు రేడియో బాగుచేసే అంగడికి పోవలసినదే. పాత సెట్లలో రేకులు ఒకదానిలో ఒకటి దూరి తిరిగే గ్యాంగ్ కండెన్సరు ఉంటుంది. అందులో రెండు భాగాలున్నా ఒక భాగం చాలు. తీగ ఒక కొనను కదలని రేకులకు, రెండవ కొనను తిరిగే రేకుల చట్రానికి టంకం వేయించండి. చిన్న సెట్లలోని ప్లాస్టిక్ పెట్టె గ్యాంగు దొరికితే అదీ పనిచేస్తుంది. అయితే రెండు భాగాలు కలిపినా 200 పికోఫారడులు దాటనివి కొన్ని ఉంటాయి. వాటితో కడప వస్తుంది గాని, డయలులో కిందనుండే బెంగుళూరు 612 అందదు. తిప్పడానికి ప్లాస్టిక్ పిడి పెట్టించండి. లోహపు పిడి అయితే చెయ్యి తగిలినప్పుడల్లా శ్రుతి జారుతుంది.

ఇక దిక్కు సంగతి. చాలామంది తడబడేది ఇక్కడే. చట్రం ముఖం కడప వైపు పెట్టకూడదు, అంచు పెట్టాలి. బాటకు అడ్డంగా మూసిన తలుపులా కాదు, బాట వెంబడి తెరిచి నిలిపిన తలుపు రెక్కలా అన్నమాట. అనంతపురం, రాయదుర్గం వారికి కడప తూర్పున ఉన్నది. తాడిపత్రి వారికి తూర్పు నుంచి కొంచెం ఆగ్నేయానికి మొగ్గి ఉంటుంది. కదిరి, హిందూపురం వారికి ఈశాన్యానికి మొగ్గి ఉంటుంది. ట్రాన్సిస్టరును చట్రం పక్కన జానెడు దూరంలో, దాని పొడవు చట్రం ముఖానికి ఎదురుపోయేటట్లు పెట్టండి. అప్పుడు లోపలి నల్లకడ్డీ, తీగచుట్ట ఒకే తీరున నిలుస్తాయి.

సెట్టును 900 మీద పెట్టి, మాట లీలగా వినబడుతుండగా, కండెన్సరును మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. ఒకచోట మాట ఒక్కసారిగా పొంగుతుంది. వెంట్రుకవాసి దాటితే మళ్లీ పడిపోతుంది, అందుకే తొందర పనికిరాదు. ఈల వేసినట్లు కూత వస్తే సెట్టును మరి కొంచెం దూరం జరపండి. వేరే కేంద్రానికి మారితే సెట్టును, చట్రాన్ని రెంటినీ మళ్లీ శ్రుతి చెయ్యాలి. పరీక్ష మాత్రం మిట్టమధ్యాహ్నం చేయండి. రాత్రిపూట ఆకాశం నుంచి తిరిగివచ్చే తరంగాలతో ఎక్కడెక్కడి కేంద్రాలో వినిపిస్తాయి. చట్రం వల్ల వచ్చిన లాభమేదో, రాత్రి వల్ల వచ్చినదేదో అప్పుడు తేలదు.

చట్రం చేసే రెండవ మేలు మొదటిదానికంటె పెద్దదని నా అభిప్రాయం. అంచు ఎటు చూస్తే అటు బాగా వింటుంది. ముఖం ఎటు చూస్తే అటు చెవిటిదవుతుంది. మీకు దక్షిణాన కరెంటు స్తంభం మీద ఇన్సులేటరు పాడై గరగరలాడుతున్నదనుకోండి. కడప తూర్పున ఉన్నది గనుక అంచు తూర్పుకు పెడితే ముఖం దక్షిణానికి వస్తుంది, గరగర అణుగుతుంది. చప్పుడు కూడా తూర్పునుంచే వస్తుంటే ఈ ఉపాయం సాగదు. అప్పుడు చప్పుడు పుట్టే చోటును వెతకాలి. సెట్టును ఏ కేంద్రమూ లేని చోట పెట్టి చేత పట్టుకుని ఇల్లంతా తిరగండి. నాసి రకం ఎల్.ఇ.డి. బల్బు, ఫోను చార్జరు, మోటారు స్టార్టరు పెట్టె, వీటిలో ఒకటి దొరక్కపోదు. వినే అరగంట దానిని ఆపితే సరి. రేకుల కప్పు కింద, ఇనుప కమ్ములున్న సిమెంటు కప్పు కింద తరంగం సన్నగిల్లుతుంది. కిటికీ దగ్గరనో పంచలోనో కూర్చోండి. మట్టిమిద్దెకు ఈ బాధ అంతగా లేదు.

పొద్దుగూకిన తరువాత మాట పెరుగుతూ తరుగుతూ ఊగుతుంటే అది చట్రం దోషం కాదు. నేల మీద వచ్చినదీ, ఆకాశం నుంచి వచ్చినదీ ఒకటినొకటి తోసుకుంటున్నాయి. దానికి ఇంట్లో మందు లేదు.

పూర్వం వాల్వు సెట్ల కాలంలో మిద్దె మీదనుంచి వేపచెట్టుకు ఏరియల్ తీగ కట్టేవారు. ఇప్పటికీ కొందరు కడుతున్నారు. సరైన పిడుగు రక్షణ లేకుండా ఆ పని వద్దు. పిడుగు ఆ తీగ వెంట ఇంట్లోకి దారి చేసుకోగలదు. చట్రం ఇంట్లోనే ఉంటుంది గనుక ఆ భయం లేదు. కరెంటుతో నడిచే సెట్టయితే మాత్రం ఉరుములు మొదలుకాగానే ప్లగ్గు పీకేయండి. మరొక సంగతి: మధ్యతరంగం మీద టపటపమని విడివిడిగా పేలినట్లు చప్పుళ్లు వస్తున్నాయంటే ఎక్కడో మెరుపులు మెరుస్తున్నాయి. గొర్రెల మంద వెంట పోయేవారు ఈ గుర్తు మనసులో ఉంచుకోవాలి. అయితే దూరపు మెరుపు కూడా ఇట్లాగే పలుకుతుంది గనుక, దగ్గరా దూరమా తెలియడానికి మెరుపుకూ ఉరుముకూ నడుమ లెక్కపెట్టండి. మూడు సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపలే ఉరిమితే బయట నిలవకూడదు, చెట్టు కిందికి అసలే పోకూడదు.

విస్తరణ పనివారికొక మనవి. 1956లో పూనా ప్రాంతంలో యునెస్కో సాయంతో ఒక ప్రయోగం జరిగింది. ఊరివారు ఒకచోట చేరి రేడియో విని, విన్నదానిని చర్చించడం దాని పద్ధతి. 1959 నుంచి దానిని దేశమంతటా విస్తరింపజేశారు. అటువంటి కూటమికి వినబడే సెట్టు ఒకటి చాలు, ఇంటింటికీ చట్రం అక్కరలేదు. ఊరికొకటి చేయించి చూపండి. కాని చేయించేముందు ఒక జాగ్రత్త: ఇటీవలి ఏళ్లలో దేశంలో కొన్నిచోట్ల మధ్యతరంగ ప్రసారాలు ఆపివేశారు. కాబట్టి కారు రేడియోతోనో మంచి సెట్టుతోనో మీకు కావలసిన కేంద్రం పలుకుతున్నదని ముందు నిర్ధారించుకోండి. పలకని కేంద్రాన్ని ఎంత పెద్ద చట్రమూ పలికించలేదు.

కడప బాగా వినబడిన చోట పిడి పక్కన రంగుతో ఒక చుక్క, చట్రం నిలిపిన చోట నేల మీద సున్నంతో ఒక గీత పెట్టుకోండి. మరునాడు ఇంట్లో ఎవరైనా వెతుక్కోకుండా పెట్టగలుగుతారు. ఎండకు కర్ర కుంగి తీగలు వదులవుతాయి, మృగశిర కార్తెకు ముందు ఒకసారి బిగించుకోండి. సెట్టును వాడని నెలల్లో బ్యాటరీలు తీసి పెట్టండి, కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి.