గుంపుకు తెలివి ఎట్లా వస్తది

(సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పాత పట్టు విడిచిన తేనెటీగల గుంపు చెట్టు కొమ్మకు వేలాడటం మనమంతా చూసినదే. కొత్త చోటు ఎంచేది రాణి ఈగ కాదు. కొన్ని ఈగలు తలా ఒక దిక్కు పోయి తొర్రలు వెతికి వస్తయి. ఎటు దిక్కు, ఎంత దూరమో ఒళ్లూపి ఆడి చెప్తయి. చోటు మంచిదైతే ఎక్కువసేపు ఆడతయి. మిగతావి ఆ మాట నమ్మి ఊరుకోవు, పోయి చూసుకొని వస్తయి. ఆఖరుకు గుంపంతా ఒకే దిక్కుకు లేస్తది. అన్ని తొర్రలూ తెలిసిన ఈగ అందులో ఒక్కటీ ఉండదు.

1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. చదువుకున్న పిల్లలు పల్లెలకు వచ్చినరు, పార్టీ ఉన్నది, కాదనం. కానీ దొర ఎంత బంజరు పట్టినడు, ఎవరి దగ్గర ఎంత దండుగ గుంజినడు, ఈ లెక్కలు బయటి నుంచి వచ్చినోళ్లకు ఎట్లా తెలుస్తయి? అవి జీతగాండ్లకు, కూలి తల్లులకు, చాకలి మంగలి పనులు చేసేటోళ్లకు తెలుసు. తలా ఇంత తెలిసింది ఒకచోట పడ్డంక దొరలకు సాంఘిక బహిష్కరణ పెట్టినరు. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

2019 సంగతి మీకు యాదికే ఉంటది. జగిత్యాల, కోరుట్ల నియోజకవర్గాలు నిజామాబాద్ లోక్‌సభ కిందికే వస్తయి. పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్ వేసి బరిలో నిలిచినరు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. గెలుస్తమని వేయలేదు, మన గోస దేశానికి వినబడాలని వేసినరు. పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. పసుపుకు మద్దతు ధర మాత్రం ఇప్పటికీ లేదు.

గుంపు ఎప్పుడూ తెలివిగనే నడుస్తదని అనుకోవద్దు. ఒక ఏడు ధర పలికిందని అందరం అదే పంట వేసి మునిగినోళ్లమే. ఈగ పోయి చూసి వస్తది, మనం విని నమ్ముతం. ఫోన్లో వచ్చిన ముచ్చట పది మందికి పంపుడు పోయి చూసినట్టు కాదు.

పోయిన యాసంగిలో మాలో ఒకరికి నలభై కిలోల బస్తాకు రెండు కిలోల తరుగు తీసినరు. పక్క ఊరాయనకు మూడు కిలోలు. ఇద్దరి వడ్లూ పోయింది ఒకే మిల్లుకు. ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకున్నది రెండు నెలల తర్వాత, ఒక పెండ్లిలో! అప్పటికి పైసలు ఖర్చయినయి, ఎవల దగ్గరా రసీదు లేదు.

అందుకే ఈ వానకాలం కోతలకు కాంటా అయిన నాడే తేమ ఎంత, బస్తాలు ఎన్ని, తరుగు ఎంత అని కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటిద్దాం. పక్క ఊరి వాళ్లు ఇద్దరు వచ్చి కాంటా దగ్గర నిలబడి సరిచూడాలి. ముందు కోరుట్ల దిక్కు పది ఊళ్లలో మొదలుపెడతం. సిరిసిల్ల వాళ్లు చూడటానికి వస్తమన్నరు. జగిత్యాల నుంచి ఎవరెవరు పోతరో ఇప్పుడే పేర్లు చెప్పుండ్రి, రాసుకుంటం.