దీపము వెలుగకున్నచో

చీకటి గదిలో స్వామి పటమున్నను మనకు కనబడదు. కాంతి పటముపై పడి, అందు కొంత మరలి మన కంటిని చేరినప్పుడే దర్శనమగును. కాంతి పటమును సృష్టింపదు, ఉన్నదానిని చూపును.

ఒక్కొక్కప్పుడు స్విచ్చి నొక్కినను దీపము వెలుగదు. తీగలో విద్యుత్తున్నది, బల్బును బాగుగనే యున్నది. లోపమెచ్చట? వేసినప్పుడు, ఆర్పినప్పుడు లోపలి లోహపు మొనల నడుమ చిన్న నిప్పురవ్వ పుట్టును. ఏండ్ల తరబడి ఆ రవ్వలకు మొనలు మాడి, మసి పేరుకొని, ప్రవాహము నడ్డగించును.

మన మనస్సును అట్టిదే. కోపము, అసూయ క్షణకాలపు రవ్వలే. మసి మాత్రము నిలిచిపోవును. పిమ్మట సన్నిధిలో చేతులు జోడించియు, స్వామి కరుణింపలేదని వగచెదము.

సూర్యచంద్రులస్తమించి, అగ్ని చల్లారి, వాక్కు అణగినప్పుడు పురుషునకు వెలుగేది యని జనకుడడుగగా, ఆత్మయే యని యాజ్ఞవల్క్యుడు బృహదారణ్యకోపనిషత్తులో తెలిపెను. ఆ వెలుగునకు లోపము లేదు. పాడైన స్విచ్చిని మార్చి క్రొత్తది బిగింపవచ్చును. మనస్సును అట్లు మార్చలేము, నిత్యము శుద్ధి చేసికొనవలసినదే. నేటి రాత్రి నిదురించుటకు ముందే, ఎవరిపై కోపము నిలుపుకొంటిమో వారిని క్షమింతము.